అద్దె ఇల్లా, ఫ్లిప్పింగా, ఖాళీ స్థలమా, రీటా? నెలకు ఎంత మోయగలరో తేల్చుకున్నాకే ఎంచుకోండి

ఆస్తి మీద పెట్టుబడి అనగానే అందరూ ముందు అడిగేది ఎంత వస్తుందని. నేనూ అలాగే మొదలుపెట్టాను. ఇప్పుడు ఎవరైనా సలహాకొస్తే ముందు వేరే లెక్క అడుగుతున్నాను. కొన్నాక అనుకున్నట్టు జరగకపోతే నెలకు ఎంత చొప్పున, ఎన్నాళ్లు జేబులోంచి పెట్టుకోగలరు? దీనికి దాపరికం లేకుండా జవాబు రాసుకుంటే, ఉన్న నాలుగు దారుల్లో రెండు వాటంతటవే పక్కకు తప్పుకుంటాయి.

ఆ నాలుగూ తెలిసినవే. ఇల్లో దుకాణమో కొని అద్దెకివ్వడం. పాతది కొని, బాగుచేయించి అమ్మడం. ఫ్లిప్పింగ్ అంటున్నది దీన్నే. ఖాళీ స్థలం కొని ధర పెరిగేదాకా ఆగడం. ఇవేవీ కాకుండా రీట్ యూనిట్లు, అంటే అద్దె ఆస్తులున్న సంస్థలో చిన్న వాటాలు కొనడం. నలుగురు కలిసి పెద్ద ఆస్తి కొనడాన్ని ఐదోదిగా లెక్కేస్తారు గానీ అది వేరే దారి కాదు, పైవాటిలో ఒకదాన్ని గుంపుగా చేయడమే. దాని తలనొప్పుల గురించి తర్వాత చెబుతాను.

లెక్కలన్నీ ఆస్తి ధర 100 అనుకుని వేస్తున్నాను. మీ ధర ఎంతయితే దానికి తగ్గట్టు హెచ్చించుకోండి.

అద్దె: కాగితం మీద ఆరు, చేతిలో నాలుగు

ధర 100, ఏడాదికి అద్దె 6. అమ్మేవాళ్లు దీన్నే ఆరు శాతం రాబడి అంటారు. ఏడాదిలో ఒక నెల ఖాళీగా ఉంటుందనుకోండి, 5.5 అయింది. ఆస్తి పన్ను, బీమా, నిర్వహణ రుసుము, చిన్నాచితకా మరమ్మతులు, ఒకరు ఖాళీ చేసి ఇంకొకరు వచ్చేలోపు వేయించే రంగులు, వీటన్నిటికీ 1.5 తీసేస్తే మిగిలేది 4. కొనేటప్పుడు రిజిస్ట్రేషన్‌కీ లాయరుకీ మధ్యవర్తికీ ఇచ్చింది ఇంకో 7 ఉంటుంది కాబట్టి మీరు పెట్టింది 100 కాదు, 107. అసలు రాబడి 3.7 శాతం. ఆరు అని విన్న చెవికి ఇది చేదుగానే ఉంటుంది.

ఇక అప్పు సంగతి. 75 అప్పు తెచ్చారు, వడ్డీ 8 శాతం, గడువు 20 ఏళ్లు. ఏడాదికి కట్టే కిస్తీలు మొత్తం 7.53. ఆస్తి ఇస్తున్నది 4. తేడా 3.53 ప్రతి ఏటా మీ జీతంలోంచి పోవాలి. అందులో మొదటి ఏడాది దాదాపు 1.6 అసలుకి జమవుతుంది కాబట్టి అంతా నష్టమని అనను. కానీ బ్యాంకు ఆ 1.6ని వేరుగా చూసి కిస్తీలో తగ్గించదు కదా.

ఇక్కడ అందరూ పడే పొరపాటు ఒకటుంది. ఆస్తి రాబడిని అప్పు వడ్డీతో పోల్చుకుంటారు. పోల్చాల్సింది వడ్డీతో కాదు, కిస్తీతో. పైన చెప్పిన అప్పులో ప్రతి 100కీ ఏడాదికి 10 కట్టాలి, ఎందుకంటే అందులో అసలు కూడా ఉంది. ఆస్తి ఇచ్చే శాతం ఈ పది కంటే తక్కువైనప్పుడు, ఎంత ఎక్కువ అప్పు తెస్తే ప్రతి నెలా చేతికొచ్చేది అంత తగ్గుతుంది. అప్పుతో లాభం రెట్టింపవుతుందని చెప్పేవాళ్లు ఈ మాట దగ్గర కాస్త గొంతు తగ్గిస్తారు.

మరి ఈ ఇల్లు ఎంత అప్పు మోయగలదు? అద్దె ఆస్తులకు అప్పిచ్చే సంస్థలు సాధారణంగా ఖర్చులు పోను మిగిలేది కిస్తీలకు 1.2 నుంచి 1.25 రెట్లు ఉండాలంటాయి. డీఎస్‌సీఆర్ అన్న మాట వినే ఉంటారు, అది ఇదే. మనకు మిగిలేది 4, దాన్ని 1.25తో భాగిస్తే 3.2. ఏడాదికి 3.2 మాత్రమే కిస్తీగా పోవాలంటే అప్పు 32 దాటకూడదు. బ్యాంకు మీ జీతం చూసి 75 ఇస్తానంటుంది. ఆ ఇల్లు మాత్రం 32కే సరిపోతుంది. మధ్యలో ఉన్న 43ని మోసేది మీరు. మోయగలిగితే సరే, కానీ మోస్తున్నట్టు తెలిసి మోయండి.

వడ్డీ మారే రకం అప్పయితే ఇంకో మెట్టు దిగి చూసుకోవాలి. అదే 75 మీద వడ్డీ 8 నుంచి 10కి పోతే కిస్తీ 15 శాతం పెరుగుతుంది, అద్దె అంత వేగంగా పెరగదు. ఇది ఊహకే పరిమితమైన మాట కాదు. అమెరికా ఫెడరల్ రిజర్వ్ 2022 మొదట్లో దాదాపు సున్నా దగ్గరున్న రేటును 2023 జులై నాటికి 5.25–5.5 శాతానికి తీసుకెళ్లింది; చాలా దేశాల బ్యాంకులు దాని వెంటే నడిచాయి. చవక అప్పు ఎప్పటికీ ఉంటుందనుకుని లెక్క వేసుకున్నవాళ్లు ఆ ఏడాదిన్నరలో లెక్క మళ్లీ వేసుకున్నారు.

అమెరికాలో ఒక శాతం సూత్రం అని చెప్పుకుంటారు. నెల అద్దె కొన్న ధరలో ఒక శాతమైనా ఉండాలని. చాలా నగరాల్లో ఈ సూత్రానికి దరిదాపుల్లో ఏ ఇల్లూ రాదు. దాన్ని జల్లెడగా వాడుకోండి, తూకంరాయిగా కాదు.

ఇంత చెప్పినా, ఉద్యోగం ఉన్నవాళ్లకు, ఓపిక ఉన్నవాళ్లకు నా ఓటు ఇప్పటికీ అద్దె ఆస్తికే. కారణం ఒకటే. తప్పు చేసినా దిద్దుకోవడానికి సమయం ఇస్తుంది. ధర పడితే అమ్మకుండా కూర్చోవచ్చు, ఆ లోపు అద్దె వస్తూనే ఉంటుంది. ఫ్లిప్పింగ్‌లో, ఖాళీ స్థలంలో ఈ వెసులుబాటు ఇంత ఉండదు.

ఫ్లిప్పింగ్: నెలలే శత్రువులు

ఫ్లిప్ చేసేవాళ్ల దగ్గర 70 శాతం సూత్రం ఒకటి చలామణిలో ఉంది. బాగుచేశాక ఎంతకు అమ్ముడవుతుందో అందులో 70 శాతం తీసుకుని, దాంట్లోంచి మరమ్మతు ఖర్చు తీసేయాలి. మిగిలిందే మీరు పెట్టగల గరిష్ఠ ధర. బాగుచేశాక 100 పలికే ఇంటికి 15 మరమ్మతులుంటే, 55 దాటి ఇవ్వకూడదు. వదిలేసిన 30లోనే కొనే ఖర్చులు, అమ్మే ఖర్చులు, వడ్డీ, పన్ను, మీ లాభం అన్నీ ఇమడాలి.

నేను 60కి కొన్నాను. ఇల్లు బాగుంది, ఐదు ఎక్కువైతే ఏమైందని. అప్పటి నా లెక్క ఇదీ: కొన్నది 60, కొనే ఖర్చులు 4, మరమ్మతులు 15, అమ్మే ఖర్చులు 4. నా 60లో 45 అప్పు, ఏడాదికి 12 శాతం వడ్డీ, అంటే నెలకు 0.45. కరెంటు, పన్ను, కాపలా కలిపి ఇంకో 0.15. ఐదు నెలల్లో అమ్మేస్తే మొయ్యడానికి 3. మొత్తం 86, అమ్మకం 100, లాభం 14. కాగితం మీద ముచ్చటగా ఉంది.

ఆ ఇంట్లో ఒక పడకగది గోడకు నడుము ఎత్తు వరకే కొత్త రంగు వేసి ఉంది. పైన పాత రంగు, కింద కొత్త రంగు, మధ్యలో సన్నని గీత. చూశాను. పిల్లలు గీతలు గీసి ఉంటారనుకున్నాను. ఆ గోడ అవతల బాత్‌రూమ్. పని మొదలైన రెండో వారంలో మేస్త్రీ వేలి గణుపుతో తట్టి, నా వైపు చూసి, ఏమీ మాట్లాడకుండా ఇంకోచోట తట్టాడు. రెండుచోట్లా బోలుగా మోగింది. పెంకులు తీస్తే లోపల గొట్టం చీలి, గోడ మోకాలెత్తు దాకా నానిపోయి ఉంది. దాని వెనకే వైర్లు.

మరమ్మతు 15 కాస్తా 19 అయింది. ఐదు నెలలు పదకొండయ్యాయి, అంటే మోత 6.6. ఆలోపు ఆ వీధిలో ఇంకో రెండు ఇళ్లు అమ్మకానికొచ్చాయి, నాకు పలికింది 96. కూడండి: 60, 4, 19, 4, 6.6 కలిపి 93.6. మిగిలింది 2.4, అదీ పన్నుకు ముందు. దాదాపు 40 సొంత డబ్బు పదకొండు నెలలు ఇరుక్కుని ఇచ్చిన ఫలం అది. అదే ఇంటిని 55కి కొని ఉంటే, ఇన్ని జరిగినా ఏడు పైనే మిగిలేది. సూత్రాన్ని రాసినవాడెవడో గోడలు తట్టి చూసినవాడే అయ్యుంటాడు.

నా ఒక్కడి తెలివితక్కువతనమే అనుకోవద్దు. అమెరికాలో జిల్లో అనే ఆన్‌లైన్ సంస్థ ఇళ్ల ధరలను కంప్యూటర్ లెక్కలతో అంచనా వేసి, తనే కొని, కాస్త బాగుచేసి అమ్మే వ్యాపారం పెట్టింది. అమ్ముడయ్యే ధర కంటే ఎక్కువ పెట్టి కొన్నందుకు 2021లో ఒక్క త్రైమాసికంలోనే ఇళ్ల విలువను 30 కోట్ల డాలర్లకు పైగా తగ్గించి చూపాల్సి వచ్చింది. అదే నవంబరులో ఆ వ్యాపారాన్ని మూసేస్తున్నట్టు ప్రకటించింది. దాని దగ్గరున్నంత సమాచారం మనలో ఎవరి దగ్గరా ఉండదు. దాని దగ్గర లేనిది ఒక్కటి మన దగ్గరుంటుంది: ఒక్కో ఇంటికీ కాళ్లతో వెళ్లే తీరిక.

కాబట్టి ఫ్లిప్పింగ్ ఎవరికి? మరమ్మతు పని తెలిసినవాళ్లకు, లేదా నమ్మకమైన మేస్త్రీ బృందం చేతిలో ఉన్నవాళ్లకు. అనుకున్న నెలలకు రెట్టింపు నెలలు మోసినా కుంగిపోనివాళ్లకు. ఇంకోటి, అమ్ముడవకపోతే అద్దెకిచ్చినా సరిపోయే ఇల్లే ఎంచుకోవాలి. అద్దెకు పనికిరాని ఇంటిని ఫ్లిప్ కోసం కొనడమంటే వెనక్కి తలుపు లేని గదిలోకి వెళ్లడమే. పూర్తి కాలం ఉద్యోగం చేస్తూ సాయంత్రాలు చూసుకుంటానంటే మాత్రం వద్దంటాను.

ఖాళీ స్థలం

స్థలం కొన్నవాళ్లు చెప్పే మాట ఎప్పుడూ రెట్టింపు అయిందనే. ఎన్నేళ్లకని అడగండి. 72ని ఏళ్లతో భాగిస్తే ఏటా ఎంత శాతం పెరిగిందో ఇంచుమించుగా తెలుస్తుంది. పదేళ్లలో రెట్టింపంటే ఏటా 7.2 శాతం. ఎనిమిదేళ్లయితే తొమ్మిది. ఇందులోంచి కొనే ఖర్చులు, ఏటా పన్ను, కంచె, హద్దురాళ్లు, అమ్మేటప్పటి పన్ను తీసేయాలి. పదేళ్లలో వచ్చిన పెరుగుదల చాలాసార్లు చివరి రెండేళ్లలోనే వచ్చి ఉంటుంది, మొదటి ఎనిమిదేళ్లూ పైసా రాక మోసినవాళ్లకే అది దక్కుతుంది. అప్పు తెచ్చి కొన్న స్థలం మీద వడ్డీ 9 శాతమైతే, ఎనిమిదేళ్లలో రెట్టింపు అయినా మీరు మొదలుపెట్టిన చోటే ఉన్నట్టు.

అందుకే నాది ఇక్కడ గట్టి అభిప్రాయం. స్థలం సొంత డబ్బుతోనే కొనాలి, అప్పుతో కాదు. అదీ పదేళ్లు మర్చిపోగలిగిన డబ్బుతో. కొనేముందు అక్కడికి చట్టబద్ధమైన దారి ఉందా, ఆ భూమిని దేనికి వాడుకోవచ్చని ప్రణాళికలో ఉంది, వాన నీళ్లు ఎటు పోతాయి, ఈ మూడూ చూడాలి. మూడోదానికి కాగితాలు చాలవు. వానాకాలంలో ఒకసారి వెళ్లి నిలబడి చూడాలి.

రీట్: ఆస్తి కాదు, ఆస్తిలో వాటా

అమెరికాలో 1960లో చట్టం తెచ్చి మొదలుపెట్టిన పద్ధతిది. జపాన్‌లో 2001లో, సింగపూర్‌లో 2002లో, భారత్‌లో 2019లో తొలి రీట్‌లు మార్కెట్‌లోకి వచ్చాయి. కార్యాలయాలు, మాల్స్, గోదాములు వంటి అద్దె వచ్చే ఆస్తులను ఒక సంస్థ కింద పెట్టి, షేర్లలాగా యూనిట్లు అమ్ముతారు. వచ్చిన ఆదాయంలో ఎక్కువ భాగాన్ని యూనిట్లున్నవాళ్లకు పంచాలన్నది నియమం. అమెరికాలో పన్ను లెక్కల ప్రకారం తేలే ఆదాయంలో 90 శాతం పంచాలి. భారత్‌లోనూ పంచగలిగే నగదులో 90 శాతం అన్నారు.

దీంట్లో నెలనెలా మోత సున్నా. గొట్టం చీలదు, అద్దెదారు రాత్రి పదింటికి ఫోన్ చేయడు. కొద్ది మొత్తంతో మొదలుపెట్టొచ్చు, అవసరమైతే అదే రోజు అమ్మేయొచ్చు. బదులుగా ధర రోజూ కళ్లముందు ఊగుతుంది. వడ్డీ రేట్లు పెరిగిన 2022లో రీట్ ధరలు గట్టిగానే పడ్డాయి. చుట్టుపక్కల ఇళ్ల ధర కూడా ఊగుతూనే ఉంటుంది, కాకపోతే దాన్ని రోజూ ఎవరూ బోర్డు మీద రాయరు.

ఒక్క జాగ్రత్త. మార్కెట్‌లో చేతులు మారే రీట్ వేరు, అడిగినప్పుడు నిధి తనే డబ్బు వెనక్కివ్వాల్సిన ఆస్తి ఫండ్ వేరు. 2016లో బ్రెగ్జిట్ ఓటు తర్వాత బ్రిటన్‌లో అలాంటి ఫండ్‌లు కొన్ని చెల్లింపులు ఆపేశాయి. ఒక్కసారిగా అందరూ డబ్బు అడిగితే భవనాన్ని ముక్కలుగా కోసి అమ్మలేరు కదా. పేరు చూసి కాదు, ఎలా బయటికొస్తారో చూసి కొనండి.

నెలకు ఏమీ మోయలేనివాళ్లకు, ఊరు మారుతూ ఉండే ఉద్యోగాలున్నవాళ్లకు, తొలి ఆస్తి కోసం డబ్బు కూడబెట్టుకుంటున్నవాళ్లకు నేను రీట్‌నే చెబుతాను. గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ ఉండదు, నిజమే.

గుంపుగా కొంటే

నలుగురు స్నేహితులు కలిసి కొన్న ఆస్తిలో గొడవ వచ్చేది కొనేటప్పుడు కాదు. ఒకరికి పిల్ల పెళ్లో, ఆపరేషనో వచ్చి డబ్బు కావాల్సిన రోజున వస్తుంది. ఒకరు బయటికి పోతానంటే వాటా ఎవరు కొనాలి, ఆ వాటా ధర ఎవరు తేలుస్తారు, మరమ్మతుకు ఇంకా డబ్బు వేయమంటే వేయనివాళ్ల వాటా ఏమవుతుంది, అమ్మాలా వద్దా అన్నది ఎంతమంది తేలుస్తారు. ఇవి కాగితం మీద లేకుండా చేతులు కలపొద్దు. స్నేహం ఉంది కాబట్టే రాసుకోవాలి.

ఎంచుకున్నాక, చేతులు కాలకుండా

అమలులో నేను పాటించే క్రమం పెద్ద రహస్యమేమీ కాదు. బేరానికి వెళ్లేముందే, ఇంతకు మించి ఇవ్వను అన్న అంకె రాసి పెట్టుకుంటాను. అక్కడ కూర్చున్నాక బుర్ర వేరేగా పనిచేస్తుంది, ఎదుటివాళ్లు ఇంకో పార్టీ కూడా ఉందనగానే రెండు అంకెలు పెరిగిపోతాయి. నా 60 అలాగే పెరిగిన 55.

ఒప్పందంలో షరతులుండాలి. అప్పు మంజూరు కాకపోతే, తనిఖీలో పెద్ద లోపం బయటపడితే, హక్కు పత్రాల్లో చిక్కుంటే అడ్వాన్సు వెనక్కి వచ్చేలా. ఈ మూడు షరతులకీ ఒప్పుకోని అమ్మకందారుకు ఏదో ఒకటి ముందే తెలిసి ఉంటుంది. అడ్వాన్సు చిన్నదిగా ఇవ్వండి, తనిఖీకి గడువు తేదీతో సహా రాయించుకోండి.

హక్కు పరిశీలనలో దేశాన్ని బట్టి తేడా ఉంది. 1858లో దక్షిణ ఆస్ట్రేలియాలో రాబర్ట్ టోరెన్స్ తెచ్చిన పద్ధతిలో ప్రభుత్వ రిజిస్టరులో ఎవరి పేరుంటే వాళ్లే హక్కుదారు. చాలాచోట్ల ఇది లేదు; అక్కడ రిజిస్ట్రేషన్ అంటే లావాదేవీ జరిగిందని నమోదు చేయడమే, అమ్మినవాళ్లకు అమ్మే హక్కుందని హామీ కాదు. అలాంటి చోట లాయరు చేత చేతులు మారిన వరుసంతా వెనక్కి చదివించాలి. వరుసలో ఒక లింకు తెగినా ఆగిపోండి. ఆ లాయరును అమ్మేవాళ్లో మధ్యవర్తో చూపించకూడదు.

తనిఖీకీ లాయరుకీ ఖర్చు పెట్టి, తర్వాత వదులుకున్న బేరాలు నాకు మూడున్నాయి. పోయిన డబ్బు అప్పట్లో గుచ్చుకుంది. ఆ మూడూ కలిపినా ఆ ఒక్క తడిగోడ ఖర్చులో సగం రాలేదు.

ఇప్పుడు ఏ ఇల్లు చూడ్డానికి వెళ్లినా అమ్మేవాళ్లు ముందు వంటగది చూపించబోతారు, వెలుతురు బాగుంటుంది కాబట్టి. నేను నేరుగా బాత్‌రూమ్ అవతలి గోడ దగ్గరకెళ్లి, కుళాయిలన్నీ ఒకేసారి తిప్పమని చెప్పి, పావుగంట అక్కడే నిలబడి గోడ తడుతూ ఉంటాను. కొందరు నవ్వుతారు. ఒకాయన మాత్రం నవ్వలేదు, తర్వాత చూద్దాంలెండి అని కుళాయి కట్టేశాడు. ఆ బేరం అక్కడితో ఆగింది.